జపాన్ కాపురంలో భూకంపానికి ఇల్లు సర్దుకోవడం

మొన్న మా అపార్ట్‌మెంట్‌లోకి కొత్తగా ఒక తెలుగు జంట దిగారు. అమ్మాయిది నెల్లూరు. వచ్చిన మూడో రోజే చిన్న కుదుపు వచ్చింది, పైనున్న లైటు ఊగేంత. ఆ పిల్ల పరుగున వచ్చి మా తలుపు కొట్టి, "అక్కా, ఇప్పుడేం చెయ్యాలి?" అంది. ఇప్పుడేం చెయ్యక్కర్లేదమ్మా, కూర్చో అన్నాను. చెప్పడం పూర్తయ్యేసరికి టీ రెండుసార్లు పెట్టాల్సొచ్చింది. అదే ఇక్కడ రాస్తున్నా.

మేముండేది టోక్యోలో, ఎదోగావా వార్డు నిషి కసాయి. జపాన్‌లో ఆ పెద్ద భూకంపం, సునామీ వచ్చిన 2011 మార్చి 11, శుక్రవారం మధ్యాహ్నం 2:46కి నేను ఎనిమిదో అంతస్తులో ఉన్నాను. ప్రసవం సెలవులో ఉన్నా. ఎనిమిది నెలల బాబు నిద్రపోతున్నాడు, అయిదేళ్ళ పాప పిల్లల బడిలో, మా ఆయన కయబాచోలో ఆఫీసులో. ఈశాన్యాన తోహోకు తీరంలో చనిపోయినవాళ్ళు, గల్లంతైనవాళ్ళు కలిపి 18 వేలు దాటారు. వాళ్ళ కష్టం ముందు మాది చెప్పుకోదగ్గది కాదు. గోడకు బీట కూడా పడలేదు. అయినా తర్వాతి రెండు వారాలు ఇల్లు నడపడం ఏమిటో అప్పుడు తెలిసింది. సామాన్యంగా అందరూ ఊగే ఆ కాసేపటి గురించే అడుగుతారు. నన్నడిగితే అసలు పని ఆ తర్వాతే.

ఊగుతున్నప్పుడు

పొయ్యి మీద కుక్కర్‌లో పప్పు ఉంది. ఊగడం మొదలవగానే నేను చేసిన తప్పు, పొయ్యి ఆర్పడానికి పరిగెత్తడం. ఊళ్ళో మా నాన్నమ్మ నేర్పింది అదే. 1967 మార్చిలో ఒంగోలు కదిలినప్పుడు ఆవిడ కట్టెల పొయ్యి మీద బిందెడు నీళ్ళు గుమ్మరించి బయటికి దూకిందట. ఇక్కడ పొయ్యి జోలికి పోవద్దు. భూకంపం తీవ్రత 5 మెట్టు దగ్గరికి చేరితే మీటరే గ్యాస్ ఆపేస్తుంది. (ఈ మెట్లు రిక్టర్ లెక్క కాదు. మన కాళ్ళ కింద నేల ఎంత ఊగిందో చెప్పే జపాన్ లెక్క, 7తో ఆఖరు.) చెయ్యాల్సింది ఒక్కటే, బల్ల కిందికి దూరి దాని కాలు పట్టుకోవడం. బల్ల దూరంగా ఉంటే దిండు నెత్తిన పెట్టుకుని అద్దాలకి, బీరువాకి దూరంగా కూర్చోండి. కాస్త తెరిపివ్వగానే వీధి తలుపు తెరిచి, మూసుకోకుండా చెప్పు అడ్డం పెట్టండి. చట్రం వంగితే తలుపు రాదు. లిఫ్ట్ మాట మర్చిపోండి.

నేను వంటింట్లోకి వెళ్ళాను కదా. పై అరలోంచి స్టీలు డబ్బాలు ఒక్కొక్కటే అంచుదాకా జరిగి, ఒక్క క్షణం ఆగి, కింద పడుతున్నాయి. వాటి వెనకే ఆవకాయ సీసా. అమ్మ పంపిన రెండు కిలోల సీసా అది. గచ్చు మీద పగిలి, ఎర్రటి నూనె గడపదాకా పాకింది. ఆ నూనెలో గాజు పెంకులు కనపడవు. వట్టి కాళ్ళు. అవతలి గదిలో బాబు ఏడుపు. పీట మీదున్న తువ్వాలు పరిచి దాని మీద అడుగేసి దాటాను, అయినా మడమ తెగింది. కారంతో ఎంత మండిందో చెప్పక్కర్లేదు.

అందుకని నా మొదటి నియమం: ప్రతి మంచం కింద, వంటింటి గుమ్మం పక్కన, గట్టి అడుగున్న చెప్పులు ఒక జత. మంచం కింద చెప్పుల్లోనే టార్చి దోపి పెట్టండి, చీకట్లో వెతుక్కోకుండా. గాజు సీసాలన్నీ కింది అరలోకి. మా ఇంట్లో ఆవకాయ ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది. రుచి తగ్గిందని మా ఆయన గొణుగుతాడు, గొణగనీ.

బీరువాలకి, పుస్తకాల అలమారాలకి పైకప్పుకీ వాటికీ మధ్య బిగించే కమ్మీలు దొరుకుతాయి. అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టనివ్వరు కాబట్టి అవే దిక్కు. ఫ్రిజ్‌కీ ఉంటాయి. ఇల్లు వెతికేటప్పుడే ఏజెంటుని కట్టుబడి ఏడాది అడగండి. 1981 జూన్‌లో ఇక్కడ భూకంపం నిబంధనలు కఠినం చేశారు, ఆ తర్వాత కట్టడానికి అనుమతి పొందిన బిల్డింగే చూసుకోండి. స్టేషన్‌కి నాలుగు నిమిషాలు దూరమైనా పర్లేదు.

పిల్లల్ని తెచ్చుకోవడం

ఊగడం ఆగాక బాబుని గుండెకి కట్టుకుని ఎనిమిది అంతస్తులు మెట్లు దిగాను. బడి ఆవరణలో పిల్లలంతా దూది కుట్టిన టోపీలు, బోసాయి జుకిన్ అంటారు, పెట్టుకుని వరసలో కూర్చున్నారు. మధ్యాహ్నం నిద్ర నుంచి అప్పుడే లేపినట్టున్నారు, సగంమంది కళ్ళు నులుముకుంటున్నారు. టీచరు నా పేరు కాగితంలో చూసి, టిక్కు పెట్టుకుని అప్పగించింది. ఆ కాగితంలో పేరు లేనివాళ్ళకి పిల్లని ఇవ్వరు. మీ ఇద్దరి పేర్లతో పాటు దగ్గర్లో ఉండే మూడో మనిషి పేరు తప్పకుండా రాయించండి. ఆ రోజు రైళ్ళు ఆగిపోయి చాలామంది తల్లిదండ్రులు అర్ధరాత్రి దాటినా చేరలేకపోయారు.

మా ఆయన తోజాయి మెట్రో లైను దారిలోనే, ఎయితాయి వంతెన మీదుగా, అరకావా నది దాటి, దాదాపు పది కిలోమీటర్లు నడిచి తొమ్మిదిన్నరకి ఇల్లు చేరాడు. ఆఫీసు బూట్లతో. ఇప్పుడు ఆఫీసు సొరుగులో పాత కాన్వాసు బూట్లు, ఒక కాగితం మ్యాపు, బెల్లం పల్లీ ఉండలు ఉంటాయి. అసలు ఇప్పుడు చెప్పే సలహా, దారులు కిక్కిరిసిపోకుండా ఆ రాత్రి ఆఫీసులోనే ఉండిపొమ్మని. ఇంట్లో పెళ్ళాం పిల్లలు క్షేమమని తెలిస్తే ఉండొచ్చు. తెలియకే నడుస్తారు.

తెలియడానికి దారి 171, విపత్తప్పుడు క్షేమ సమాచారం రికార్డు చేసి ఉంచే ఫోన్ నంబరు. సెల్‌ఫోన్లు కలవవు. వీధి ఫోన్ నుంచి 171 కొట్టి, 1 నొక్కి, మీ ఇంటి ఫోన్ నంబరు ఇచ్చి 30 సెకన్లలోపు మాట రికార్డు చెయ్యొచ్చు. అవతలివాళ్ళు 2 నొక్కి అదే నంబరు ఇస్తే వినొచ్చు. నెలనెలా 1, 15 తేదీల్లో సాధన చేసుకోనిస్తారు. ఒకసారి చేసి చూడండి, అవసరానికి జపనీస్ ఆడగొంతు గబగబా చెప్పేది అర్థం కాదు.

ఇండియాకి మాత్రం ఒక్కరికే ఫోన్ చెయ్యండి. ఇక్కడ 2:46 అంటే ఒంగోల్లో 11:16. మధ్యాహ్నం భోజనాల వేళకి టీవీలో సునామీ చూపించడం మొదలైంది. అత్తయ్య ఒకవైపు, అమ్మ ఒకవైపు, పిన్నులు, బాబాయిలు. ఆ గండం నుంచి గట్టెక్కించింది మా ఆడపడుచు. "వదినా, నువ్వు నాకొక్కదానికి చెప్పు, మిగతా ఊరికంతా నేను చెప్పుకుంటా" అంది. మీ ఇంట్లో అలాంటి మనిషెవరో ఇవాళే నిర్ణయించుకోండి.

గ్యాస్, మరుగుదొడ్డి, నీళ్ళు

రాత్రి అన్నం వండుదామంటే పొయ్యి వెలగలేదు. లైను పోయిందనుకుని పిల్లలకి బిస్కెట్లు పెట్టాను. పక్కింటి బామ్మగారు తలుపు తట్టి, నా చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళింది. వీధి తలుపు పక్కనే ఇనప తలుపు తెరిస్తే లోపల మీటరు. దాని మీద ఎర్రదీపం మిణుకుమంటోంది. ముందు నన్ను ఇంట్లోకి పంపి, పొయ్యి మీటలన్నీ కట్టి ఉన్నాయా, గ్యాసు వాసనేమైనా ఉందా చూసి రమ్మంది. తర్వాత మీటరు మీదున్న నల్ల మూత తిప్పి తీసి, లోపలి బొత్తాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలింది. చేతి గడియారం చూస్తూ మూడు నిమిషాలు కదలకుండా నిలబడింది. దీపం ఆరిపోయింది. "దైజోబు", అంటే ఫర్వాలేదు, అని మూత బిగించి వెళ్ళిపోయింది. ఆ మూడు నిమిషాల్లో పొయ్యి ముట్టుకోకూడదు. వాసన వస్తుంటే బొత్తాం జోలికే పోకుండా కిటికీలు తీసి, గ్యాసువాళ్ళకి ఫోన్ చెయ్యాలి. మీ మీటరు ఎక్కడుందో ఈ పేజీ మూసేలోపు వెళ్ళి చూసి రండి.

దొడ్డి సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. పక్క ఊరు ఉరయాసులో మా స్నేహితురాలి కుటుంబం ఉండేది. అది సముద్రాన్ని పూడ్చి చేసిన నేల. ఆ రోజు ఇసుక నీళ్ళలా మారి వీధుల్లోకి ఉబికింది, మ్యాన్‌హోళ్ళు నేల మీదికి పైకి లేచాయి. ఇళ్ళు నిలబడ్డాయి కానీ నీళ్ళూ లేవు, మురుగు పైపులూ లేవు. వాళ్ళు వారాల తరబడి మా ఇంటికి స్నానాలకొచ్చారు. అపార్ట్‌మెంట్లో పైపు పగిలిందో లేదో తెలియకుండా బకెట్టు నీళ్ళు కుమ్మరించారంటే అది కింది అంతస్తువాళ్ళ ఇంట్లో పొంగుతుంది. బిల్డింగ్‌వాళ్ళు సరేననేదాకా కమోడ్‌కి రెండు చెత్త సంచులు తొడిగి, లోపల చింపిన వార్తాపత్రికలు వేసి వాడుకోండి. పై సంచి ఒక్కటే మూట కట్టి తీసెయ్యండి, కమోడ్ నీళ్ళు దానికి అంటకుండా కింది సంచి కాపాడుతుంది. నల్ల సంచులు, పాత పేపర్లు, ఇంత బేకింగ్ సోడా. ఆహారం కంటే ముందు ఇవి కొనమంటాను, నవ్వుకోండి.

నీళ్ళు మనిషికి రోజుకి 3 లీటర్లు. నలుగురున్న ఇంట్లో మూడు రోజులకి 36 లీటర్లు, అంటే రెండు లీటర్ల బాటిళ్ళు ఆరేసి ఉండే పెట్టెలు మూడు. వారానికైతే ఏడు పెట్టెలు. మా ఇంట్లో అయిదున్నాయి, మంచాల కింద. చిన్నప్పుడు ఒంగోల్లో మాకు కుళాయి వచ్చిన రోజు గ్లాసులతో సహా నింపి పెట్టుకునేవాళ్ళం. ఆ అలవాటు ఇక్కడికొచ్చాక వదిలేశాను, మార్చి 11 తర్వాత మళ్ళీ వచ్చింది.

చంటిపిల్లలున్నవాళ్ళకి ఒక మాట. ఫుకుషిమా అణు కేంద్రం ప్రమాదం తర్వాత, మార్చి 23న కనమాచి నీటి శుద్ధి కేంద్రంలో లీటరుకి 210 బెక్వెరెల్ల (రేడియోధార్మికత కొలత) రేడియోధార్మిక అయోడిన్ కనపడిందని, ఏడాదిలోపు పిల్లలకి కుళాయి నీళ్ళు పట్టవద్దని టోక్యో ప్రకటించింది. పసిపిల్లలకి హద్దు 100. మాకొచ్చే నీళ్ళు అవే. కాచితే సరిపోతుంది కదా అని అమ్మ ఫోన్‌లో అంది. కాచితే సూక్ష్మక్రిములు చస్తాయి, అయోడిన్ పోదు. అప్పటికే దుకాణాల్లో ఒక్క బాటిలూ లేదు. వార్డువాళ్ళు బిడ్డకి 550 మిల్లీలీటర్లవి మూడు బాటిళ్ళు చొప్పున పంచారు, మర్నాడే ఆంక్ష తీసేశారు. ఆ ఒక్క రాత్రి గడిచింది మంచం కింది పెట్టె వల్ల. పాలపొడి కలిపే ఇంట్లో ఒక పెట్టె పెద్దవాళ్ళెవరూ ముట్టకుండా దాచండి.

తిండి

మర్నాటికల్లా దుకాణాల్లో బ్రెడ్డు, బియ్యం, కప్పు నూడుల్స్, బ్యాటరీలు, టాయిలెట్ కాగితం ఖాళీ. ఎవరూ తోసుకోలేదు, నిశ్శబ్దంగా వరసలో నిలబడి ఖాళీ చేశారు. శాకాహారులకి ఇంకో ఇబ్బంది, పంచిపెట్టే తిండిలో ఏదో మూల చేప తగులుతుంది. అందుకని బజార్లో అమ్మే విపత్తు సంచి కొనుక్కున్నా సరే, అందులో తిండి మాత్రం మీరే పెట్టుకోండి. అటుకులు, మరమరాలు, వేయించిన ఉప్మా రవ్వ, పులిహోర గుజ్జు, కందిపొడి, నెయ్యి, వేడినీళ్ళు పోస్తే అన్నమయ్యే ప్యాకెట్లు, ఖర్జూరం. కందిపప్పు పెట్టకండి, నీళ్ళూ గ్యాసూ రెండూ తినేస్తుంది. అటుకులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, పులిహోర గుజ్జు కలిపితే పొయ్యే వద్దు. పళ్ళెం మీద ప్లాస్టిక్ పొర పరిచి తిని, పొర తీసి పారేస్తే కడిగే పని ఉండదు. విస్తరాకు తెలివే అది.

చిన్న గ్యాసు డబ్బా పెట్టుకునే స్టవ్ ఒకటి ఉంచండి. పెద్దమంటకి డబ్బా గంట పైచిలుకు వస్తుంది. దాని మీద దోసెల పెనం పెట్టొద్దు, రెండు స్టవ్‌లు పక్కపక్కన పెట్టి పెద్ద పెనం అసలే వద్దు. పెనం డబ్బా మీదికి వస్తే వేడికి డబ్బా పేలుతుంది. నేనూ ఒకరోజు పిల్లలు అడిగారని పెనం తీశాను, డబ్బా ఉన్నవైపు చెయ్యి పెట్టి చూస్తే కాలింది. ఆ పూట ఉప్మాతో సరిపెట్టాను.

రాత్రులు

ప్రకంపనలు ఆగవు. ఏప్రిల్ 7 రాత్రి 11:32కి మళ్ళీ పెద్దదే వచ్చింది. ఆ నెలంతా నలుగురం ఒకే గదిలో, బీరువా లేని గదిలో, స్వెట్టర్లతోనే పడుకున్నాం. తలాపున కోట్లు, పాస్‌పోర్టుల సంచి. పాప ఆ దూది టోపీ తీయనిచ్చేది కాదు, మేమూ తీయలేదు. టీవీ పిల్లలు పడుకున్నాకే పెట్టేవాళ్ళం. హెచ్చరిక గంట మోగినప్పుడల్లా పాప బల్ల కిందికి పోయేది, కొన్నాళ్ళకి అక్కడే బొమ్మలు పెట్టుకుంది.

ఇంకోటి, ఊగకపోయినా ఊగినట్టుంటుంది. ఇక్కడివాళ్ళు జిషిన్ యోయి అంటారు, పడవ దిగినవాడి తూలు లాంటిది. నాకే ఏదో అయిందని భయపడ్డాను. బల్ల మీద గ్లాసులో సగం నీళ్ళు పోసి ఉంచండి. నీళ్ళు కదలకపోతే ఊగేది మీరే, పడుకోండి.

సరుకులు ఏడాదికి రెండుసార్లు మారుస్తాం, మార్చి 11న, సెప్టెంబరు 1న. సెప్టెంబరు 1 ఇక్కడ విపత్తు సన్నద్ధత రోజు, 1923లో టోక్యోని కాల్చేసిన భూకంపం వచ్చిన తేదీ. పాత అటుకులు, రవ్వ ఆ వారంలోనే తినేస్తాం. నాలుగో రోజు ఉప్మా అనగానే మావాడు, ఆనాటి ఎనిమిది నెలల బాబు, కోంబినికి, అంటే వీధి చివరి చిన్న దుకాణానికి, పోతున్నానని చెప్పులేసుకుంటాడు. డబ్బులిచ్చి, వచ్చేటప్పుడు రెండు గ్యాసు డబ్బాలు తెమ్మంటాను.