ప్రత్యర్థి జట్టు వీడియోలు ముందేసుకునే ముందు

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ముందు రూలు చూసుకోవాలి. ఈ సీజన్లో మనతో ఆడబోయే జట్టు మ్యాచ్‌కి స్వయంగా వెళ్లి స్కౌటింగ్ చేయడానికి, అంటే వాళ్ల ఆటతీరు గమనించి రాసుకోవడానికి, అక్కడి కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒప్పుకోదు. ఒకే వేదికలో, ఒకే టోర్నీలో ఉంటే వేరే సంగతి. అంచేత వీడియోలే దిక్కు.

• నిరుటి వీడియోలు నమ్మొద్దు. ట్రాన్స్‌ఫర్లతో సగం జట్టు మారిపోయి ఉండొచ్చు.

• ఈమధ్య ఆడినవి నాలుగైదు చూడండి, ఓడినవి తప్పకుండా.

• షూటర్ సగటు చూసి ఆగిపోకండి, పాదాలు చూడండి. నిలబడి బంతి అందుకుని వేస్తున్నాడా, ఎడమవైపు ఒక్క డ్రిబుల్ కొట్టి ఆగి వేస్తున్నాడా? 30 సెకన్ల షాట్ క్లాక్ (బంతి చేతికొచ్చాక షాట్ వేయాల్సిన గడువు) అయిపోవస్తుంటే బంతి ఎవరి చేతికి వెళ్తోందో ప్రతిసారీ రాసుకోండి. నన్నడిగితే అన్నిటికన్నా విలువైనది అదే.

• ఆటగాళ్లకు ఒక్క పేజీ నోట్సు చాలు. పదిచ్చారంటే కోర్టులో టెన్షనే మిగులుతుంది.