టెర్మినల్‌లో ‘గోవిందా’ అని పలకరింపు పెట్టారా? బ్రహ్మోత్సవాల లోపు ఇవి చూసుకోండి

ఈ మధ్య తిరుపతిలో ఒక లాడ్జి బుకింగ్ సర్వర్‌కు రాత్రి బ్యాకప్ ఆగిపోయింది. డిస్కు బాగుంది, నెట్ బాగుంది. లాగిన్ అవగానే ‘గోవిందా గోవిందా’ కనబడాలని ఎవరో బాష్‌ఆర్‌సీ ఫైల్ (మన కమాండ్లు నడిపే ‘బాష్’ అనే షెల్ మొదలవగానే చదివే సెట్టింగుల ఫైల్) మొదటి లైన్‌లో ఎకో (తెరపై మాట చూపే కమాండ్) రాశారు, అంతే. ఉత్సవాల తొమ్మిది రోజులూ గదుల లెక్కంతా ఇలాంటి సర్వర్ల మీదే నడవాలి.

ఎందుకు చెడుతుంది

ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి) మీద ఫైళ్లు పంపినా అవతలి బాష్ ఆ ఫైల్‌ను చదువుతుంది. అప్పుడు పలకరింపు అందేది మనిషికి కాదు, ఫైళ్లు పంపే ఎస్‌ఎఫ్‌టీపీ ప్రోగ్రామ్‌కు. వచ్చిన మొదటి నాలుగు బైట్లను అది సందేశం పొడవు అనుకుంటుంది. తెలుగులో ‘గోవిందా’తో మొదలైతే ఆ పొడవు 3769669600. ‘రిసీవ్డ్ మెసేజ్ టూ లాంగ్’ అంటూ ఆ అంకె చూపించి ఆగిపోతుంది. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ ప్రోగ్రామ్ అయితే ‘ఈజ్ యువర్ షెల్ క్లీన్?’ అని అడుగుతుంది. అది కనబడితే నెట్ వాళ్లకు ఫోన్ చేయకండి, బాష్‌ఆర్‌సీ తెరవండి.

ఎక్కడ రాయాలి

ఉబుంటులో ఆ ఫైల్ పైభాగంలోనే ‘కేస్’తో మొదలై ‘ఈసాక్’తో ముగిసే నాలుగు లైన్లుంటాయి. ఎదుట మనిషి లేని షెల్‌ను అవి అక్కడి నుంచే వెనక్కి పంపేస్తాయి. మీ పలకరింపు ఈసాక్ కిందే ఉండాలి. పైన రాస్తే ఆ కాపలా ఉన్నా లేనట్టే.

సరిచూడాలంటే వేరే మెషిన్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్, సర్వర్ పేరు, చివర ‘ట్రూ’ కొట్టి, వచ్చినదాన్ని ఒక ఫైల్‌లోకి మళ్లించండి. ఆ ఫైల్ సైజు సున్నా ఉండాలి. ఒక్క బైటున్నా తప్పే.

మార్చేముందు కాపీ తీసుకోండి. ఇంకో ఎస్‌ఎస్‌హెచ్ విండో తెరిచే ఉంచండి, కొత్త లాగిన్ పనిచేసేదాకా మూయకండి. ‘బాష్ హైఫన్ ఎన్’తో ఫైల్‌లో తప్పులు చూడండి. ‘ఎగ్జిట్’ రాయొద్దు, లాగిన్ అయిన క్షణమే బయటికి తోసేస్తుంది. వాతావరణం, దర్శనం రద్దీ అంటూ నెట్ నుంచి లాగే కర్ల్ లైన్లు వద్దు, నెట్ మొరాయిస్తే ప్రాంప్ట్ కూడా రాదు. తప్పదంటే ఆ లైన్ ముందు ‘టైమౌట్ 2’ పెట్టండి, రెండు సెకన్లకే ఆపేస్తుంది. అందరికీ కనబడాలంటే ఉబుంటులో అప్‌డేట్ మోటీడీ (లాగిన్ సందేశాల) ఫోల్డర్‌లో స్క్రిప్టు పెట్టండి: పేరులో చుక్క ఉండకూడదు, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉండాలి, రూట్‌గా (పూర్తి అధికారాలున్న ఖాతాగా) నడుస్తుంది కాబట్టి రూట్ తప్ప ఎవరూ దాన్ని మార్చలేకుండా చూడండి. బాష్ బదులు జడ్‌ఎస్‌హెచ్ అనే షెల్ వాడేవాళ్లు జడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీలోనే రాయండి, జడ్‌ఎస్‌హెచ్‌ఎన్వ్ జోలికి పోకండి. ఫిష్ అనే షెల్‌కు ఫిష్ గ్రీటింగ్ ఫంక్షన్ ఉంది, కాన్ఫిగ్‌లో విడిగా ఎకోలు వద్దు. మళ్లీ చెబుతున్నాం, పలకరింపు ఈసాక్ కిందే. ఈ రోజే బ్యాకప్ చేత్తో నడిపి, అవతల ఫైల్ చేరిందో లేదో కళ్లారా చూడండి.