కండ తగ్గిపోతున్న పెద్దవాళ్ళకి రక్తపరీక్ష చేయించడం ఎలా?

జ్వరంతో పదిరోజులు పడుకుని లేచేసరికి నాన్న కాళ్ళు పుల్లల్లా అయిపోయాయని, తుంటి విరిగి మంచం మీదున్న అమ్మ గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయని రక్తపరీక్షకి తీసుకొస్తుంటారు. శ్రీకాకుళం జిల్లాలో లాబ్ టెక్నీషియన్ని. ఇలాంటి చేతులు రోజూ పట్టుకుంటాను. పరీక్షలు పెద్ద ఖరీదైనవి కావు, నొప్పీ సూది గుచ్చినంతే. కానీ చేయించే తీరు తప్పితే రిపోర్టులో వచ్చిన అంకె చిత్తుకాగితంతో సమానం. ఆ అంకె చూసి కంగారుపడి ప్రోటీన్ పౌడరు డబ్బాలు మోసుకెళ్ళినవాళ్ళని చాలామందిని చూశాను.

1. ముందు టేపు పెట్టండి

దర్జీ టేపు చాలు. మనిషిని కూర్చోబెట్టి, పాదం నేలకి ఆనించి, పిక్క బాగా లావుగా ఉన్నచోట చుట్టుకొలత తీయండి. మగవాళ్ళకి 34 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 33 కంటే తక్కువ ఉంటే కండ తగ్గిందని అనుమానించాలి. ఆసియా వాళ్ళ కోసం నిపుణులు 2019లో పెట్టిన లెక్క ఇది. కాళ్ళకి నీరు దిగి ఉంటే మాత్రం ఈ కొలతని నమ్మొద్దు. లేవగలిగినవాళ్ళైతే చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. 12 సెకన్లు, అంతకుమించి పడితే కాళ్ళలో సత్తువ తగ్గినట్టే. పక్కనే నిలబడండి, తూలతారు. తారీకు వేసి రాసిపెట్టుకోండి.

2. చీటీలో ఏముండాలి

ఆల్బుమిన్ (కాలేయం చేసి రక్తంలోకి వదిలే ప్రోటీన్), సి.ఆర్.పి. (ఒంట్లో ఇన్ఫెక్షనో, పుండో ఉంటే పెరిగే ప్రోటీన్), క్రియాటినిన్ (కండలోంచి వచ్చి కిడ్నీల ద్వారా బయటికి పోయేది). మూడూ ఒకే రోజు, ఒకే రక్తంలోంచి. డాక్టరు చేత అలాగే రాయించుకోండి. ఒక్క ఆల్బుమిన్ రాయించుకుని వచ్చేవాళ్ళని వెనక్కి పంపేద్దామా అనిపిస్తుంది నాకు. ఎందుకో కింద చెప్తాను.

కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతూ తొడలు నొప్పంటే సి.పి.కె. (కండలో ఉండే ఎంజైమ్) కూడా అడగొచ్చు. అయితే అది కండ దెబ్బతిన్నప్పుడు పెరిగేది. మంచాన పడి నెమ్మదిగా కరిగే కండకి అది మామూలుగానే ఉంటుంది, ఒక్కోసారి తక్కువగా కూడా ఉంటుంది. సి.పి.కె. నార్మల్ అనగానే కండకేమీ కాలేదని సంబరపడొద్దు.

విశాఖలో చదువుకునే ఒక కుర్రాడు "మయోస్టాటిన్ చేస్తారా అన్నా?" అని అడిగాడు. కండ మితిమీరి పెరగకుండా పగ్గం వేసే ప్రోటీన్ అది, 1997లో ఎలుకల మీద పనిచేస్తుంటే బయటపడింది. అది సరిగా పనిచేయకే బెల్జియన్ బ్లూ అనే పశుజాతికి అంతంత కండలు. జి.డి.ఎఫ్.-15 అని ఇంకొకటుంది, కాన్సర్ లాంటి జబ్బుల్లో పెరిగి ఆకలిని చంపేస్తుంది. చదువుకోవడానికి బాగుంటాయి. కానీ మీ నాన్న వైద్యం వాటిమీద ఆధారపడి లేదు, డబ్బు పెట్టొద్దు.

3. ముందురోజు

పరగడుపు అక్కర్లేదు. షుగరున్న ముసలాయన్ని పస్తుంచి తీసుకురావడం మరీ ఘోరం. మంచినీళ్ళు తాగనివ్వండి. రాత్రి వేటమాంసం (మేకమాంసం) మాత్రం వద్దు, వండిన మాంసం క్రియాటినిన్‌ని కాస్త పెంచుతుంది. సి.పి.కె. ఉంటే ముందు మూడు రోజుల్లో కండకి సూదిమందు పడిందేమో మాకు చెప్పండి. పొద్దున్న ఏడు, ఎనిమిది మధ్యే రావాలి. సాయంత్రం వచ్చేవాళ్ళకి నేను తీయను.

4. రక్తం తీసే పావుగంట

అసలు పాడయ్యేది ఇక్కడే. "బేగి తీసీ బాబూ, ఆటోవోడు ఉండనంతన్నాడు" అంటారు. తాతని ఇద్దరు రెక్కలు పట్టుకుని మెట్లెక్కించి తెస్తారు, ఆయాసం తీరకముందే చొక్కా చెయ్యి పైకి మడిచేస్తారు. ఆగండి. మనిషి పడుకున్నప్పుడు రక్తం కాస్త పలచబడుతుంది, లేచి నిలబడితే నీరు రక్తనాళాల్లోంచి బయటికి పోయి చిక్కబడుతుంది. ఈ ఒక్క తేడాకే ఆల్బుమిన్ పదో వంతు దాకా మారిపోతుంది. ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టి తీస్తే ఆల్బుమిన్ డెసిలీటరుకి 3.2 గ్రాములు వచ్చింది, ఇంటికెళ్ళి వారం తర్వాత నడిచొచ్చి ఇస్తే 3.5 వచ్చింది అనుకోండి. ఇందులో బాగుపడిందెంత, లేచి నడిచినందుకు పెరిగిందెంత? ఎవరూ చెప్పలేరు. అందుకే పావుగంట కదలకుండా కూర్చోబెట్టాలి, లేదా పడుకోబెట్టాలి. ఏది చేసినా ప్రతిసారీ అదే చేయాలి. రిపోర్టు మూల "కూర్చుని" అనో "పడుకుని" అనో మీరే పెన్నుతో రాసుకోండి.

ఇక చెయ్యి. సెలైన్ ఎక్కుతున్న చేతినుంచి రక్తం తీయనివ్వకండి. మా అమ్మకి ఒక ఆసుపత్రిలో అదే చేశారు. నేను పక్కన లేను, టీ తాగడానికి కిందికెళ్ళాను. ఆల్బుమిన్ 2.1 అని వస్తే ఇల్లంతా ఏడుపు. మర్నాడు రెండో చేతినుంచి నేనే తీస్తే 3.0. ముందురోజు కొలిచింది సెలైన్ కలిసి పలచబడ్డ అమ్మ రక్తం. రెండు చేతులకీ ఎక్కుతుంటే నర్సమ్మని పిలిచి ఏం చేయాలో అడగాలి తప్ప మీరు ట్యూబు కట్టేయకూడదు. డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన (రెండు రక్తనాళాల్ని కలిపి కుట్టిన) చేతినైతే అసలు ముట్టుకోనివ్వకండి, ఆ చేతికి బీపీ పట్టీ కూడా కట్టకూడదు.

రబ్బరు పట్టీ కట్టాక నిమిషం దాటకూడదు. కండ తగ్గిన చేతిలో నరం పైకి తాడులా కనిపిస్తుంది, కానీ పట్టు ఉండదు. సూది తగలగానే పక్కకి జారిపోతుంది. అలవాటులేని కుర్రాళ్ళు పట్టీ బిగించి, నరం మీద చెంపదెబ్బలు కొట్టి, పిడికిలి ముడిచి తెరవమని పదిసార్లు అంటారు. పట్టీ ఎక్కువసేపుంటే ప్రోటీన్లు చిక్కబడి ఎక్కువ చూపిస్తాయి, పిడికిలి ఆడిస్తే పొటాషియం పెరుగుతుంది. నేనైతే గోరువెచ్చని గుడ్డ రెండు నిమిషాలు వేసి, బొటనవేలితో చర్మాన్ని కిందికి లాగిపట్టి, సన్నటి బటర్‌ఫ్లై సూది వాడతాను. దొరక్కపోతే పట్టీ విప్పేసి, ఊపిరి తీసుకోనిచ్చి మళ్ళీ కడతాను. సిరంజితో గట్టిగా లాగితే రక్తకణాలు పగిలిపోతాయి, పైకి తేరిన సీరం గడ్డినీళ్ళ రంగు బదులు ఎర్రగా దిగుతుంది. అలాంటిది వస్తే మళ్ళీ తీయించుకోండి, మొహమాటపడొద్దు.

5. రిపోర్టు వచ్చాక

సి.ఆర్.పి. దగ్గర మొదలుపెట్టండి, అంకె కంటే ముందు యూనిట్ చూడండి. ఒక లాబ్ లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తుంది, ఇంకొకటి డెసిలీటరుకి. రెండింటికీ పదిరెట్లు తేడా.

సి.ఆర్.పి. బాగా ఎక్కువగా ఉండి ఆల్బుమిన్ తక్కువుంటే, "తిండి సరిపోలేదు" అని కోడలిమీద పడకండి. ఒంట్లో ఇన్ఫెక్షనో, పుండో ఉంటే ఐ.ఎల్.-6 లాంటి ప్రోటీన్లు కాలేయానికి కబురు పెడతాయి. కాలేయం ఆల్బుమిన్ చేయడం తగ్గించి సి.ఆర్.పి. లాంటివి చేయడంలో పడుతుంది. దానికి కావలసిన సరుకులో చాలా భాగం కండలోంచే వస్తుంది. ముందు ఆ ఇన్ఫెక్షన్ సంగతి డాక్టరు చూడాలి. ఆల్బుమిన్ మూత్రంలో పోతున్నా, కాలేయం దెబ్బతిన్నా తగ్గుతుంది, అదీ ఆయనే తేల్చాలి.

మూడూ నార్మల్ వచ్చినా కండ పోయి ఉండొచ్చు. జబ్బు లేని పెద్దవాళ్ళని 10 రోజులు మంచం మీదే ఉంచి చూసిన అధ్యయనం 2007లో వచ్చింది. ఒక్కొక్కరి కాళ్ళలో సగటున కిలోకి దగ్గరగా కండ పోయింది. ఊరికే పడుకున్నందుకే! అందుకే టేపు కొలత ముందు తీయమన్నాను.

క్రియాటినిన్ దగ్గర మా జిల్లావాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. అది కండలోంచి వచ్చేది. కండే లేని మనిషికి కిడ్నీ సగం పాడైనా నార్మల్ అనిపించే 0.9 చూపించవచ్చు. కవిటి, సోంపేట, మందస వైపు ఉద్దానంలో ఇన్నేళ్ళుగా కిడ్నీ జబ్బు ఇళ్ళిళ్ళనీ తినేస్తుంటే, బక్కచిక్కిన మనిషి రిపోర్టు పట్టుకుని "క్రియాటినిన్ నార్మలే" అని తేలిగ్గా వెళ్ళిపోవడం చూస్తే కడుపు మండుతుంది. అలాంటప్పుడు సిస్టాటిన్-సి అవసరమా అని డాక్టర్ని అడగండి. అదీ రక్తంలోని ప్రోటీనే, కండ ఎంతుందన్నదాని మీద పెద్దగా ఆధారపడదు. థైరాయిడ్ తేడా ఉన్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా అది మారుతుంది కాబట్టి ఆ మాత్రల చీటీ పట్టుకెళ్ళండి. కిడ్నీ సంగతి తేలకుండా ప్రోటీన్ పౌడరు పెట్టొద్దు. కిడ్నీ బాగుంటే చోడి (రాగి) అంబలి ఒక్కటే పోసి ఊరుకోకుండా గుడ్డు, పప్పు, పెరుగు పెట్టండి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాముల ప్రోటీనే, ఒక్కదానితో ఆపొద్దు.

6. మళ్ళీ ఎప్పుడు

నాలుగో రోజే ఆల్బుమిన్ మళ్ళీ చేయిస్తారు కొందరు. రక్తంలో ఉన్న ఆల్బుమిన్‌లో సగం తరిగిపోడానికే 20 రోజుల దాకా పడుతుంది, తిండి ఫలితం నాలుగు రోజుల్లో ఏం తెలుస్తుంది? సి.ఆర్.పి. అయితే రోజుల్లోనే దిగుతుంది, డాక్టరు చెబితే ముందే చూడొచ్చు. మిగతావి మూడు వారాలు దాటాక, అదే లాబ్‌లో, అదే పొద్దుటి వేళ, మొదటిసారి కూర్చుంటే ఇప్పుడూ కూర్చునే. అదేరోజు పిక్కకి టేపు కూడా పెట్టండి, మొదటిసారి కొలిచిన కాలికే. ఆటో మాట్లాడుకునేటప్పుడే అరగంట ఆగాలని చెప్పేయండి.