షమాయిల్ మొదటిసారి చదువుతున్నారా, ఇలా మొదలుపెట్టండి

ప్రవక్త ముహమ్మద్ (స, అంటే ఆయనపై శాంతి కలగాలని) చూడ్డానికి ఎలా ఉండేవారు అంటే చూపించడానికి బొమ్మ ఉండదు, ముస్లింలలో ఎక్కువమంది బొమ్మ గీయడాన్నే ఒప్పుకోరు, ఉన్నదల్లా చూసినవాళ్ళు చెప్పిన మాటలే. ఆ మాటల్ని షమాయిల్ అనే పుస్తకంగా ఒకచోట చేర్చినాయన ఇమాం తిర్మిజీ, 892లో పోయారు, ఊరు తిర్మిజ్, ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. పుస్తకంలో 56 అధ్యాయాలు, రూపంతో మొదలై జుట్టు, తెల్లవెంట్రుకలు, సుర్మా, చెప్పులు, ఉంగరం అలా పోతూ కలలో కనబడటం దగ్గర ఆగుతుంది.

హదీసు, అంటే ప్రవక్త (స) గురించి చెప్పిన ఒక్కో కథనం, మొదట్లో ఫలానా ఆయన ఫలానా ఆయన దగ్గర విన్నాడు అని వరసగా పేర్లొస్తాయి, కొత్తవాళ్ళు అక్కడే పుస్తకం మూసేస్తారు. మూయకండి, ఆ వరసలో చివరి పేరు పట్టుకోండి, చాలాసార్లు కళ్ళారా చూసింది ఆ మనిషే. ఎవరు చూశారో తెలిస్తేనే మాట రుచి తెలుస్తుంది. అలీ (ర, అంటే అల్లా ఆయన పట్ల తృప్తి చెందాలని) ప్రవక్త (స) అల్లుడు కాబట్టి మనిషిని మొత్తంగా చెప్తారు, మరీ పొడుగు కాదు మరీ పొట్టి కాదు, జుట్టు మరీ ఉంగరాలూ కాదు మరీ సాఫీగానూ కాదు, ఉన్నట్టుండి చూస్తే బెరుకు పుట్టేది, పరిచయమైతే ప్రేమ పుట్టేది అని. జాబిర్ బిన్ సమురా వెన్నెల రాత్రి ఒకసారి చంద్రుణ్ణి ఒకసారి ఆయన్ని చూసి, నాకైతే ఈయనే అందంగా కనిపించారు అంటాడు. అనస్ (ర) ఏమో తలలోనూ గడ్డంలోనూ కలిపి తెల్లవెంట్రుకలు 20 కూడా లేవంటాడు, పదేళ్ళు ఇంట్లో పనిచేసిన కుర్రాడికి కాక ఆ లెక్క ఇంకెవరికి తెలుస్తుంది!

నన్నడిగితే రూపం అధ్యాయం తర్వాత వరసగా పోకుండా తిండి, హాస్యం అధ్యాయాలకి దూకేయండి. ఒక దర్జీ భోజనానికి పిలిస్తే అనస్ కూడా వెంట వెళ్ళాడు, బార్లీ రొట్టె, సొరకాయ ఎండుమాంసం వేసిన పులుసు పెట్టారు, ప్రవక్త (స) పళ్ళెంలో సొరకాయ ముక్కలు వెతుక్కుని తింటుంటే చూసి ఆరోజు నుంచీ నాకూ సొరకాయ ఇష్టమైపోయింది అంటాడు. ఇదే అనస్ తమ్ముడు అబూ ఉమైర్ పెంచుకున్న పిట్ట చచ్చిపోతే ప్రవక్త (స) ఆ పిల్లాణ్ణి "యా అబా ఉమైర్, నుగైర్ (చిట్టి పిట్ట) ఏమైంది" అని ప్రాసలో పలకరించేవారు. పదేళ్ళలో నన్ను "ఉఫ్" అని కూడా అనలేదు, ఇదెందుకు చేశావని అడగలేదు అన్నదీ అనసే, స్వభావం గురించి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఇదంతా అయ్యాక హిల్యా చూడండి, ఈ వర్ణననే అందమైన రాతలో రాసి గోడకి తగిలించే పటం, టర్కీలో బాగా ఎక్కువ, 17వ శతాబ్దంలో ఇస్తాంబుల్ లిపికారుడు హాఫిజ్ ఉస్మాన్ వేసిన నమూనానే ఇప్పటికీ నడుస్తోంది. పైన బిస్మిల్లా, మధ్య గుండ్రంలో అలీ మాటలు, చుట్టూ నాలుగు మూలల్లో ప్రవక్త (స) తర్వాత నాయకులైన మొదటి నలుగురు ఖలీఫాల పేర్లు, కింద లోకాలకి కారుణ్యంగా పంపాం అనే ఖురాన్ ఆయతు, అంటే వాక్యం (21:107). గుండ్రంలో పట్టని మాటలు ఇంకా కిందికి దిగుతాయి, చివర్లో రాసినాయన సంతకం.