బిల్లింగ్ కౌంటర్‌లో లెక్క తప్పకుండా

గల్లాలో పెట్టిన చిల్లరను సూపర్‌వైజర్ ఎదుటే లెక్కపెట్టి ఓపెనింగ్ క్యాష్‌గా ఎక్కించాకే మొదటి బిల్లు కొట్టండి. బిస్కెట్ ప్యాకెట్టుకు ఐదొందల నోటు తీసేవాళ్లు తిరుపతిలో తక్కువేం కాదు. పది, ఇరవై నోట్లు దండిగా ఉంచుకోండి.

స్కాన్ చేసేటప్పుడు బీప్ ఒక్కటే వింటే చాలదు, స్క్రీన్ మీద పడిన పేరు, ధర చూడాలి. బార్‌కోడ్‌లో వస్తువు నంబరే తప్ప ఎమ్మార్పీ ఉండదు. 2025 సెప్టెంబర్ 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు ఒకే కోడ్‌కు రెండు ధరలు వచ్చాయి. కంపెనీ ధర మార్చిన ప్రతిసారీ ఇదే పరిస్థితి. సిస్టమ్ రెండు ధరలు చూపిస్తే చూడకుండా ఎంటర్ నొక్కకండి. ప్యాకెట్ తిప్పి చూసి, దాని మీదున్నదే ఎంచుకోండి. తగ్గించిన ధర స్టిక్కర్ ఉంటే అదే లెక్క. ఎమ్మార్పీ కన్నా రూపాయి ఎక్కువ తీసుకున్నా తూనికలు కొలతల చట్టం కింద నేరమే.

పన్నెండు సబ్బులుంటే ఒకటి స్కాన్ చేసి 12 కొట్టవచ్చు, అన్నీ ఒకే రకం, ఒకే బరువు అయితేనే. బెల్లం, వేరుశనగపప్పు లాంటి లూజు సరుకుకు కాటా దగ్గర వేసిన లేబులే ఆధారం. లేబుల్ లేకపోతే కాటాకు తిరిగి పంపండి, అందాజుగా కోడ్ కొట్టకండి.

మొత్తం నోటితో చెప్పడంతో పాటు డిస్‌ప్లే కొనేవారి వైపు తిప్పండి. తమిళనాడు నుంచి వచ్చినవాళ్లకు తెలుగు అంకెలు అర్థం కాకపోవచ్చు. నోటు అందుకోగానే "ఐదొందలిచ్చారండీ" అని పైకి అనండి. చిల్లర ఇచ్చేదాకా ఆ నోటును గల్లాలో కలపకుండా పైనే ఉంచండి. "నేనిచ్చింది ఐదొందలు కదా" అనే తగువు సగం అక్కడే తీరిపోతుంది.

యూపీఐలో స్క్రీన్‌షాట్ రుజువు కాదు. స్పీకర్ పలకలేదంటే షాపు యాప్ తెరిచి, వాళ్ల ఫోన్‌లోని 12 అంకెల లావాదేవీ నంబరుతో పోల్చండి. పెండింగ్ అని ఉంటే వెంటనే మళ్లీ కట్టమనకండి, రెండుసార్లు పోవచ్చు. బిల్లు హోల్డ్‌లో పెట్టి వెనకవాళ్లను పంపించండి. ఫెయిలైతే బ్యాంకే ఆ డబ్బు వాళ్ల ఖాతాకు తిప్పుతుంది.

రాత్రి సిస్టమ్ అంకె చూడకముందే గల్లా లెక్కపెట్టండి. క్యాష్ 340 ఎక్కువ, యూపీఐ అదే 340 తక్కువ వస్తే డబ్బు ఎక్కడికీ పోలేదు, ఏదో బిల్లుకు తప్పు బటన్ నొక్కారు. ఆ బిల్లు వెతికి సూపర్‌వైజర్ చేత పేమెంట్ మోడ్ మార్పించండి.