ప్లగ్ పీకాక కూడా షాక్ కొడుతుంది: ఇంట్లో వాల్వ్ గిటార్ ఆంప్ కట్టబోయేవాళ్లకు జాగ్రత్తలు

నా పనిబల్ల మీద ఒక పాత స్క్రూడ్రైవర్ ఉంది. కొన దగ్గర చీమ కొరికినట్టు చిన్న గుంట. గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్ మొదటిసారి కడుతున్నప్పుడు స్విచ్ ఆపాను, ప్లగ్ పీకాను, లోపలికెళ్లి టీ తాగొచ్చాను. తిరిగొచ్చి ఏదో వైరు పక్కకి జరపబోతే స్క్రూడ్రైవర్ కొన కరెంటుని నిల్వ ఉంచుకునే ఒక కెపాసిటర్ కాలికీ, భాగాలన్నీ బిగించే లోహపు పెట్టె అయిన చాసీకీ ఒకేసారి తగిలింది. దీపావళి టపాకాయ పేలినట్టు చప్పుడు, కళ్ల ముందు నీలం మెరుపు. స్క్రూడ్రైవర్‌కి ప్లాస్టిక్ పిడి ఉంది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. అక్కడ నా వేలు ఉండి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను.

అందుకే వాల్వ్ ఆంప్ కడతానని ఎవరైనా ఫోన్ చేస్తే సర్క్యూట్ గురించి ముందు మాట్లాడను. ఆగి ఉన్న ఆంప్ గురించి మాట్లాడతాను. నడుస్తున్న ఆంప్ దగ్గర అందరూ భయంగానే ఉంటారు. ఆపేశాం కదా అనుకున్నప్పుడే చెయ్యి లోపలికి వెళ్తుంది.

లోపల వేడెక్కి వెలిగే ఆ గాజు బుడ్డిని అమెరికా వాళ్లు ట్యూబ్ అంటారు గానీ, మన దగ్గర ట్యూబ్ అంటే ట్యూబ్‌లైటే. రేడియోల కాలం నుంచి మన నోట ఉన్న మాట వాల్వ్, నేనూ అదే వాడతాను. కొత్తవాళ్లు ఎక్కువగా మొదలుపెట్టేది ఫెండర్ చాంప్ 5ఎఫ్1 అనే 1950ల నాటి చిన్న ఆంప్‌తో. మూడే వాల్వులు: గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచడానికి 12ఏఎక్స్7, సౌండ్‌కి 6వి6, కరెంటుని డీసీ చేయడానికి 5వై3. పవర్ ఐదు వాట్లు, ఇంట్లో వాయించుకోవడానికి అది చాలా ఎక్కువే. విడిభాగాలు రెండు గుప్పిళ్లలో పడతాయి. ఇంత చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ నడుస్తున్నప్పుడు లోపల 350 వోల్టుల చుట్టూ డీసీ ఉంటుంది. గోడ సాకెట్‌లో ఉన్న 230 కన్నా ఎక్కువ.

కొనేటప్పుడే చూసుకోవాల్సినవి

తాతగారి వాల్వ్ రేడియో అటక మీద ఉంది, దాన్నే గిటార్ ఆంప్‌గా మార్చుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. ఆ రోజుల్లో ఏసీ, డీసీ రెండింటి మీదా నడిచేలా చేసిన రేడియోలు చాలా ఉండేవి. గోడ కరెంటుని వేరుచేసి ఇచ్చే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ వాటికి ఉండదు. గోడలోంచి వచ్చే రెండు వైర్లలో ఒకటి నేరుగా చాసీకి తగిలించి ఉంటుంది. ప్లగ్ తిప్పి పెడితే ఆ చాసీయే ఫేజ్. రేడియోకి చెక్క పెట్టె, ప్లాస్టిక్ నాబ్‌లు ఉండేవి కాబట్టి సరిపోయింది. గిటార్ తీగలు మాత్రం జాక్ ద్వారా చాసీకే కలుస్తాయి, అంటే ఫేజ్‌ని చేత్తో పట్టుకుని వాయించినట్టే. వాల్వుల పేర్లు యూసీఎల్82, యూవై85 లాగా ‘యూ’తో మొదలైతే మారు మాట్లాడకుండా మళ్లీ అటకెక్కించండి. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ లేని వాల్వ్ ఆంప్ కొత్తవాళ్లు ముట్టుకోవాల్సిన వస్తువు కాదు.

ట్రాన్స్‌ఫార్మర్ కొత్తదే కొనండి, 230 వోల్టుల ప్రైమరీ (గోడ కరెంటు వెళ్లే చుట్టు) ఉన్నదే కొనండి. విదేశీ కిట్‌లు కొన్ని 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌తో వస్తాయి. మన సాకెట్‌లో పెడితే పొగే. ఒకసారి ఒక షాపులో చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్‌కి వైర్ల రంగులు కాగితంలో ఒకలా, వస్తువులో ఒకలా ఉన్నాయి. వాళ్ల మీద గొడవపడి లాభం లేదు. ఏ వైరు ఏదో మీటర్‌తో చూసుకున్నాకే చాసీలో బిగించండి.

ఇక్కడ ఒక లెక్క చూడండి, చాలామంది దాటేసేది ఇదే. చాంప్ ట్రాన్స్‌ఫార్మర్ 325-0-325 వోల్టులు, అంటే నడిమి వైరు నుంచి అటూ ఇటూ 325 ఏసీ ఇస్తుంది. 6వి6 వేడెక్కి కరెంటు లాగుతున్నప్పుడు డీసీ 350 చుట్టూ నిలబడుతుంది. కానీ 5వై3 ముందే వేడెక్కుతుంది. 6వి6 ఇంకా చల్లగా ఉన్న ఆ పది పదిహేను సెకన్లు కరెంటు లాగేవాళ్లు ఎవరూ ఉండరు. అప్పుడు డీసీ ఎంతవుతుంది? కెపాసిటర్ ఏసీ అల పైకొస దాకా నిండుతుంది, అంటే 325ని 1.414తో గుణిస్తే దాదాపు 460. చాంప్ పాత సర్క్యూట్ డ్రాయింగ్‌లో కెపాసిటర్లు 450 వోల్టులవి. పైగా మన దగ్గర అర్ధరాత్రి సప్లై 250కి చేరడం కొత్తేమీ కాదు. ఆ లెక్కన అది 500 అవుతుంది. అమెరికా డ్రాయింగ్ చూసి యథాతథంగా కొనేస్తే స్విచ్ వేసిన ప్రతిసారీ కెపాసిటర్లని వాటి హద్దు దాటిస్తున్నట్టే. 500 వోల్టులవి, దొరికితే ఇంకా పైవి కొనండి. పాత రేడియోల్లోంచి పీకిన కెపాసిటర్లు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

పావు వాట్ రెసిస్టర్లు కూడా వద్దు. వేడి సంగతి పక్కన పెట్టినా, మామూలు పావు వాట్ కార్బన్ రెసిస్టర్ తట్టుకునేది 250 వోల్టులే. ఒక వాట్‌వి తీసుకోండి, ధర తేడా టీ ఖర్చంత. వైరు 600 వోల్టుల ఇన్సులేషన్ ఉన్నది కావాలి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ‘టెఫ్లాన్ వైరు’ అని అడిగితే తెలిసినవాళ్లకి తెలుస్తుంది. సోల్డరింగ్ ఐరన్ తగిలినా దాని తొడుగు కరగదు.

కూర్చునే చోటు

మన ఇళ్లల్లో చెప్పులు బయటే విడుస్తాం. ఈ పనికి మాత్రం ఆ అలవాటు పక్కన పెట్టాలి. రబ్బరు చెప్పులు వేసుకోండి, అవి పొడిగా ఉండాలి. బండల నేల మీద, అదీ వానాకాలం చెమ్మలో, ఉత్త కాళ్లతో కూర్చుని ఆంప్ తెరవకండి. ఉంగరాలు, మెడలో గొలుసు, చేతికి రాగి కడియం తీసి పక్కన పెట్టండి. దేవుడి దారమైతే పర్లేదు, లోహం వద్దు.

ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే కరెంటు పెట్టండి. ప్లగ్ ఏదో, మెయిన్ ఎక్కడుందో వాళ్లకి ముందే చూపించండి. షాక్ తగిలి అతుక్కుపోతే నన్ను పట్టుకుని లాగొద్దు, ముందు మెయిన్ ఆపు, 108కి ఫోన్ చెయ్యి అని చెప్పి ఉంచండి. మా ఆవిడ మొదట్లో నవ్వింది. స్క్రూడ్రైవర్ పేలిన రోజు నుంచి నేను ఆంప్ తెరిస్తే వంటింట్లోంచి ఓ కన్నేసి ఉంచుతోంది.

కరెంటు కోత సంగతి ఇంకా పెద్దది. పని మధ్యలో కరెంటు పోతుంది. ఆంప్ ముందున్న ఎర్ర దీపం ఆరిపోతుంది. ఎలాగూ లేదు కదా అని చెయ్యి పెడతాం. రెండు నిమిషాలకి వచ్చేస్తుంది. దీపం ఆరడాన్ని, స్విచ్ ఆఫ్‌లో ఉండడాన్ని ఎప్పుడూ నమ్మకండి. ప్లగ్ బయటికి తీసి, బల్ల మీద మీ కళ్ల ముందు పడేసుకోండి. ప్లగ్ కనబడుతుంటేనే చెయ్యి లోపలికి.

కెపాసిటర్ ఖాళీ చేసే పద్ధతి

ఆ రోజు నా ఆంప్‌లో ఏం జరిగిందో తర్వాత అర్థమైంది. వోల్టేజ్ చూద్దామని 5వై3 ఒక్కటే పెట్టి స్విచ్ వేశాను. మిగతా రెండు వాల్వులు సాకెట్లలో లేవు. అవి ఉండి వేడిగా ఉంటే, ఆపాక కూడా కాసేపు కరెంటు లాగి కెపాసిటర్లని చాలావరకు ఖాళీ చేసేవి. లాగేవాళ్లు లేరు కాబట్టి నాలుగొందల పైచిలుకు వోల్టులు నేను టీ తాగొచ్చేదాకా అలాగే కూర్చున్నాయి.

స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి ఖాళీ చేయమని చెప్పేవాళ్లు ఉన్నారు. వినకండి. నిప్పురవ్వ కంట్లో పడొచ్చు, కెపాసిటర్ పాడవచ్చు. పదివేల ఓమ్‌ల, ఐదు వాట్ల తెల్ల సిమెంటు రెసిస్టర్ ఒకటి తీసుకుని రెండు చివర్లా మంచి వైరు, క్రొకడైల్ క్లిప్‌లు సోల్డర్ చేయండి. అతికిన చోట్ల స్లీవ్ తొడగండి, లోహం ఎక్కడా బయటికి కనపడకూడదు. ఒక క్లిప్ ముందు చాసీకి. మీటర్ నల్ల వైరు కూడా క్లిప్‌తో చాసీకే. మీటర్ డీసీ వెయ్యి వోల్టుల మీద ఉండాలి. ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకోండి. ఇది పెద్ద మెకానిక్‌లు కూడా పాటించే పద్ధతే: రెండు చేతులూ లోపల ఉంటే కరెంటు ఒక చేతిలోంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోతుంది. ఇప్పుడు కుడి చేత్తో, రెండో క్లిప్‌ని దాని ప్లాస్టిక్ తొడుగు పట్టుకుని, 5వై3 నుంచి డీసీ ముందుగా చేరే మొదటి కెపాసిటర్ ప్లస్‌కి తగిలించండి. చప్పుడేమీ ఉండదు, రెండు సెకన్లలో ఆ ప్లస్ దగ్గర పనైపోతుంది. అయినా పదిహేను అంకెలు లెక్కపెట్టండి. అప్పుడు ఎర్ర ప్రోబ్‌తో మూడు కెపాసిటర్లూ విడివిడిగా చూడండి. క్లిప్ తీసేశాక ఒక నిమిషం ఆగి మళ్లీ చూస్తే మీటర్‌లో కొన్ని వోల్టులు తిరిగి లేచి కనిపిస్తాయి. ఎక్కడివి అనుకుంటారు. కెపాసిటర్‌ది ఆ స్వభావమే, తనలో ఇంకిపోయింది మెల్లగా బయటికి ఊరుతుంది. అందుకే పని జరిగినంతసేపూ క్లిప్ అలాగే వదిలేయండి. మళ్లీ ప్లగ్ పెట్టేముందు తీయడం మర్చిపోకండి, అంతే.

శాశ్వతంగా కూడా ఒక ఏర్పాటు చేయండి. రెండు వాట్ల, లక్ష ఓమ్‌ల రెసిస్టర్లు రెండు వరసగా కలిపి, మొదటి కెపాసిటర్ ప్లస్ నుంచి చాసీకి వేయండి. ఆపాక అర నిమిషంలో కెపాసిటర్లు దాదాపు ఖాళీ అవుతాయి. అవి ఉన్నాయి కదా అని మీటర్ పెట్టడం మానకండి. సోల్డర్ ఊడిపోతే అవి లేనట్టే.

ఎర్త్

1972లో వేల్స్‌లోని స్వాన్సీలో, స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్ట్ లెస్ హార్వీ స్టేజీ మీద గిటార్ పట్టుకుని ఎర్త్ లేని మైక్ ముట్టుకుని చనిపోయాడు. 1976లో యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ ఇంట్లో ఎర్త్ సరిగా లేని గిటార్ వాయిస్తూ పోయాడు. వాళ్లు ఆంప్ తెరిచి రిపేర్ చేస్తున్నవాళ్లు కాదు, ఊరికే వాయిస్తున్నవాళ్లు.

మూడు పిన్నుల ప్లగ్ తప్పనిసరి. ఆకుపచ్చ వైరుకి చాసీలో దానికంటూ ఒక బోల్టు, పళ్ల వాషర్ పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ బిగించిన బోల్టుకే దాన్నీ తగిలించొద్దు. ప్లగ్ పెద్ద పిన్‌కీ చాసీకీ మధ్య మీటర్ ఒక ఓమ్ కన్నా తక్కువ చూపాలి. ఫ్యూజ్ ఫేజ్ వైరులోనే ఉండాలి.

అసలు గోడ సాకెట్‌లో ఎర్త్ ఉందా అన్నది వేరే ప్రశ్న. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు ఉంటే సాధారణంగా మంచిదే. న్యూట్రల్-ఎర్త్ ఎప్పుడు చూసినా పూర్తి సున్నా చూపిస్తే సంతోషించకండి. బోర్డులో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్‌కి కలిపేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. ఏదో ఒకరోజు న్యూట్రల్ తెగితే మీ చాసీ, గిటార్ తీగలు అన్నీ ఫేజే. బోర్డు విప్పించి చూపించుకోండి.

మా ఇంట్లో ట్రిప్ అయ్యే బ్రేకర్ ఉంది, భయం లేదు అనేవాళ్లకి ఒక మాట. 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకర్ గోడ కరెంటు లీకైతేనే పనిచేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఉన్న 350 వోల్టులు మిమ్మల్ని కొడితే దానికి తెలియదు. ఇంట్లో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది.

మొదటిసారి కరెంటు పెట్టడం

సీరీస్ బల్బు లేకుండా వద్దు. 60 వాట్ల పాతరకం పసుపు బల్బు, ఎల్ఈడీ కాదు, ఆంప్‌కి వరసలో పెట్టండి. లోపల షార్ట్ ఉంటే బల్బు ఫుల్లుగా వెలిగి ఊరుకుంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుంది. ముందు వాల్వులేవీ లేకుండా హీటర్ (వాల్వుని లోపల వేడిచేసే తీగ) వోల్టేజ్ చూడండి. తర్వాత ఆపి, స్పీకర్ తగిలించి, 12ఏఎక్స్7, 6వి6 పెట్టండి, అవి ఎర్రగా వెలగాలి. మళ్లీ ఆపి, 5వై3 చివర్లో. నేను చేసిన వరసకి సరిగ్గా తలకిందులు. బల్బు ఒక్కసారి మెరిసి తగ్గిపోతే సగం టెన్షన్ పోయినట్టే.

స్పీకర్ లేకుండా వాల్వ్ ఆంప్ ఎప్పుడూ నడపకూడదు. ట్రాన్సిస్టర్ ఆంప్‌లో స్పీకర్ పీకేస్తే ఏం కాదు, ఇక్కడ మాత్రం అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజ్ వేలల్లోకి లేచి లోపలి చుట్లు కాలిపోతాయి.

స్విచ్ వేయగానే స్పీకర్ చెవులు చిల్లులు పడేలా కూస్తే కంగారుపడి చెయ్యి పెట్టకండి. చాంప్‌లో స్పీకర్ దగ్గర నుంచి వెనక్కి వచ్చే ఫీడ్‌బ్యాక్ వైరు ఒకటి ఉంటుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైర్లు రెండూ తారుమారైతే ఇలా కూస్తుంది. ఆపండి, ప్లగ్ బల్ల మీద పెట్టండి, ఖాళీ చేయండి, మీటర్ పెట్టండి, ఆ రెండు వైర్లు మార్చండి. బల్బు తీసేసి నేరుగా పెట్టాక 6వి6 కేథోడ్ అనే కాలి దగ్గరున్న 470 ఓమ్‌ల రెసిస్టర్ మీద 19 వోల్టుల చుట్టూ ఉంటే సరే. వాల్వ్ లోపలి బూడిదరంగు పలక ఎర్రబడుతుంటే వెంటనే ఆపండి. కాలుతున్న వాల్వ్‌ని చేత్తో పీకొద్దు, అట్లకాడంత వేడిగా ఉంటుంది.

సోల్డర్‌లో సాధారణంగా సీసం ఉంటుంది. ఒక చేత్తో సోల్డరింగ్, ఇంకో చేత్తో మిర్చి బజ్జీ కుదరదు, చేతులు కడుక్కోండి. చాసీకి రంధ్రాలు వేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, గ్లౌజులు మాత్రం వద్దు, డ్రిల్ వాటిని చుట్టేసుకుని వేలిని కూడా లాగుతుంది.

పాట వినిపించిన ఆనందంలో చాలామంది వెనక పలక బిగించడం రేపటికి వాయిదా వేస్తారు. ఇంట్లో పిల్లలో పిల్లో ఉంటే ఆ రేపటిదాకా ప్లగ్ తీసి ఉంచండి. నాలుగు స్క్రూల పనే, అదే రాత్రి బిగించేయండి.