దడ నుంచి ప్రార్థన దాకా: బెంగళూరు తెలుగువాళ్లకు కౌన్సెలింగ్ చేసేటప్పుడు ఏ పద్ధతి ఎప్పుడు

ముందు ఒంటి సంగతి. "గుండె దడండి, గ్యాస్ అనుకున్నా" అంటూ వచ్చినవాళ్లను ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష అయ్యాయా అని అడక్కుండా ఆందోళన అని ఖాయం చేయకండి. థైరాయిడ్ ఎక్కువైనా దడ, చెమట, చిరాకు వస్తాయి. అది మాటలతో తగ్గేది కాదు.

చచ్చిపోవాలనిపిస్తోందా అన్నది మొదటి రోజే నీళ్లు నమలకుండా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఎలా చేసుకోవాలో కూడా అనుకుని ఉంటే ఆ రోజు థెరపీ పక్కన పెట్టి, ఇంట్లోవాళ్లను పిలిపించి, హోసూరు రోడ్డులోని మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్ ఎమర్జెన్సీకి పంపాలి. ఒంటరిగా మాత్రం పంపకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనూ మాట్లాడతారు. గోప్యతకు ఈ మినహాయింపు ఉందని ముందే చెప్పేయండి.

ఆందోళనకు ఎక్కువగా వాడేది సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే థెరపీ. అందులో పనిముట్టు ఆలోచనల పట్టిక. సాయంత్రం ఆరింటికి మేనేజర్ నుంచి "రేపు ఒకసారి మాట్లాడదాం" అని మెసేజ్ వచ్చింది. మొదటి గడిలో అంతే రాయాలి, వ్యాఖ్యానం వద్దు. రెండో గడిలో ఆలోచన: "పీకేస్తారు", నమ్మకం నూటికి 90. మూడో గడిలో భయం 85. తర్వాత ఆధారాలు: పోయిన నెల టీమ్‌లో ఇద్దరిని తీసేశారు. వ్యతిరేక ఆధారాలు: ఇలాంటి మెసేజ్ ఇంతకుముందు రెండుసార్లు వచ్చింది, రెండూ సెలవుల గురించే. చివర్లో "ఎందుకో రేపటిదాకా తెలీదు" అని రాసి మళ్లీ అంకె వేయిస్తే భయం 55కి దిగుతుంది. చాలు, సున్నా కోసం వెంటపడొద్దు.

ఆలోచన ఏ భాషలో వస్తే ఆ భాషలోనే రాయించండి. ఆఫీసు ఇంగ్లిష్‌లోకి మారిస్తే "పీకేస్తారు"లోని పోటు పోతుంది. ఇంకో చిక్కు మన మర్యాద. "మీరు చెప్పింది నిజమేనండి" అంటారు, అంకె మాత్రం కదలదు. అంటే మీరు వాదించారు, వాళ్లు ఒప్పుకున్నట్టు తలూపారు. ఆధారాలు వాళ్లే వెతకాలి.

డిప్రెషన్‌తో మంచం దిగలేని మనిషికి ఈ పట్టిక బరువు. అక్కడ పని ముందు, మనసు తర్వాత: రోజూ ఏడింటికి అపార్ట్‌మెంట్ చుట్టూ 15 నిమిషాల నడక, ముందూ వెనకా ఉత్సాహానికి పదికి ఎన్నో రాయడం. మెట్రో అంటే భయపడేవాళ్లకు మెట్లు కట్టండి: తోడుతో ఒక స్టేషన్, ఒంటరిగా ఒక స్టేషన్, ఆ తర్వాత రద్దీ వేళ. చేతిలో నీళ్లసీసా, జేబులో మాత్ర ఉంటే "అవి ఉన్నాయి కాబట్టి బతికాను" అనుకుంటారు, శ్రమంతా వృథా.

క్రైస్తవ కౌన్సెలింగ్‌లో ఇవన్నీ ఉంటాయి, విశ్వాసం వీటికి తోడవుతుంది. పేరు చూసో మెడలో సిలువ చూసో ఊహించకండి. "కష్టంలో మీకు బలం ఎక్కడ దొరుకుతుంది?" అని అడగండి. ప్రార్థన కావాలంటే చివర్లో రెండు నిమిషాలు, వాళ్ల మాటల్లోనే. మొదట్లోనే ప్రార్థన చేస్తే చెప్పాల్సిన కోపం గొంతులోనే ఆగిపోతుంది. దుఃఖంలో ఉన్నవాళ్లకు బైబిల్లోని ఆరు వచనాల 13వ కీర్తన బాగా పనికొస్తుంది. దేవుణ్ణి నిలదీయడం పాపం కాదని అదే చూపిస్తుంది. ఆలోచనల పట్టికకు, సత్యమైనవాటి మీద ధ్యానం ఉంచమనే ఫిలిప్పీయులకు 4:8 దగ్గరగా ఉంటుంది.

చెడేది ఎక్కడంటే, "విశ్వాసం తక్కువైంది" అన్న ఒక్క మాట దగ్గర. డిప్రెషన్ మీద అపరాధభావం పేరుస్తుంది. కొట్టే భర్తను క్షమించమనడం ఇంకా ప్రమాదం. ముందు ఆమె భద్రత చూడాలి. ఉపవాసం పేరుతో మాత్రలు మానేస్తే తలతిరుగుడు, నిద్రలేమి వచ్చి జబ్బు తిరగబెట్టొచ్చు, ఆ నిర్ణయం సైకియాట్రిస్టుదే. మీ సంఘంలోని మనిషినే క్లయింటుగా తీసుకోకండి, ఆదివారం పక్క వరుసలో కూర్చుని మనసు విప్పడం ఎవరికీ కుదరదు. మీరు పాస్టర్‌గారితో మాట్లాడాలంటే క్లయింటు రాసిచ్చిన అనుమతి ఉండాలి.

డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు మొదటి రోజూ ఆరో సెషన్‌లోనూ పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం నింపించండి. మొత్తం 27 మార్కులు, 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పట్టించుకోవాలి. తొమ్మిదో ప్రశ్న స్వీయహాని గురించి, మొత్తం ఎంత తక్కువున్నా దాన్ని విడిగా చూడండి. ఆరు సెషన్లకూ అంకె కదలకపోతే పద్ధతి మార్చండి, లేదా సైకియాట్రిస్టుకు చీటీ రాయండి.